లాక్ నొక్కితే టక్‌మని పడి, వెంటనే మళ్ళీ టక్‌మని తెరుచుకుంటోంది. తప్పు రిమోట్‌దా, తలుపుదా?

బూడిదరంగు బండి:

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా మా కారు తాళాలతో నానా అవస్థ పడుతున్నాను. మొన్న అయితే గంటసేపు బండి తలుపులు లాక్ కాకుండానే ఉన్నాయి, తిరిగొచ్చి చెయ్యి వేశాక గానీ తెలియలేదు. వెనక సీట్లో బ్యాగు ఉన్నది ఉన్నట్టే ఉంది. అయినా అప్పటినుంచి బండి ఎక్కడ ఆపినా మనసంతా దాని మీదే.

బండి ఏడేళ్ళది. బటన్ నొక్కి స్టార్ట్ చేసే రకం కాదు, తాళంచెవి పెట్టి తిప్పేదే. చెవి మడిస్తే రిమోట్‌లోకి పోతుంది. రిమోట్ మీద మూడు బటన్లు: లాక్, అన్‌లాక్, డిక్కీ.

మొదట కనిపించిన తేడా దూరం. ఇదివరకు పదిహేను ఇరవై అడుగుల నుంచి నొక్కినా పనిచేసేది. ఇప్పుడు డ్రైవర్ అద్దం పక్కనే నిలబడి నొక్కాల్సి వస్తోంది. సెల్ అయిపోయిందనుకుని కొత్తది వేశాను, సీఆర్2032. రవ్వంత కూడా మార్పు లేదు.

రెండోది మరీ కంగారు పెడుతోంది. లాక్ నొక్కగానే నాలుగు తలుపులూ టక్‌మని పడతాయి. అర సెకను కూడా గడవకముందే టక్‌మని నాలుగూ తెరుచుకుంటాయి. పదిసార్లలో మూడు నాలుగుసార్లు ఇలా జరుగుతోంది, మిగతాసార్లు బుద్ధిగా లాక్ అవుతుంది. నేను దిగి లాక్ చేసినప్పుడే ఎక్కువ. ఒకసారి నేను సీట్లోనే కూర్చుని, వెనకవాళ్ళు దిగాక లోపలి నుంచి లాక్ చేస్తే ఏ పేచీ లేకుండా పడింది.

ఇంకో చిన్న విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. డ్రైవర్ వైపు అద్దం అప్పుడప్పుడు దిగనంటుంది. రెండు మూడుసార్లు నొక్కితే దిగుతుంది. అలాగే అన్‌లాక్ చేసి ఫోన్ మాట్లాడుతూ నిలబడితే అర నిమిషానికి దానంతట అదే లాక్ అయిపోతోంది. ఇదీ జబ్బేనా?

ఒక మెకానిక్ బాడీ కంట్రోల్ మాడ్యూల్, అంటే తాళాల్లాంటి వాటిని నడిపే చిన్న కంప్యూటర్ డబ్బా, పోయింది, మార్చాలి అన్నారు. ఇంకొకరు నాలుగు తలుపుల లాక్ మోటార్లూ మార్చమన్నారు. ఇద్దరూ తలుపు విప్పి చూడలేదు. అంత ఖర్చు పెట్టేముందు ఇక్కడ ఎవరైనా దారి చూపిస్తారని అడుగుతున్నాను.

రాత్రి డ్యూటీ:

దూరం సంగతి వరకు నాకు తెలిసింది చెప్తాను. కొత్త సెల్ వేశారు కాబట్టి సెల్ బాగుందని అనుకోవద్దు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మేయాలని కొన్ని బటన్ సెల్స్ మీద చేదు పూత వేస్తున్నారు. మంచి ఆలోచనే. కానీ కొన్ని రిమోట్లలో ఆ పూత సరిగ్గా రేకు ఆనే చోటికి వస్తుంది, కరెంటు అందదు. దూదికి కాస్త స్పిరిట్ అద్ది సెల్ రెండు వైపులా తుడిచి, పొడి గుడ్డతో పట్టుకుని వేయండి. రిమోట్ లోపలి సన్నటి రేకు వంగి కిందికి అణిగిపోయి ఉంటే సూదిమొనతో వెంట్రుకవాసి పైకి లేపండి, అంతకంటే ఎక్కువ లేపితే విరుగుతుంది.

మల్టీమీటర్ ఉంటే సెల్ చూడండి, కొత్తది 3 వోల్టుల పైనే చూపించాలి. ఊరికే పెట్టి చూస్తే నీరసించిన సెల్ కూడా బాగానే చూపిస్తుంది, బటన్ నొక్కి ఉంచి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

తీసేసిన పాత సెల్ మాత్రం వెంటనే టేపు చుట్టి పిల్లలకు అందకుండా పెట్టండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. పని అయిపోయాక బల్ల మీద వదిలేయడం చాలామంది చేసే పనే, అందుకే గుర్తుచేస్తున్నాను.

వైరింగ్ పని:

కార్ల కరెంటు పనే నా బతుకు, ఇరవై ఏళ్ళయింది. ముందు ఒక మాట. మీ బండికి రెండు జబ్బులు ఉన్నాయి, వాటిని ఒకటిగా చూడటం వల్లే అందరూ పెద్ద భాగాల మీద పడుతున్నారు.

రిమోట్ చేసే పని ఒక్కటే, కబురు పంపడం. నాలుగు తలుపులూ టక్‌మని పడ్డాయంటే కబురు అందింది, రిమోట్ పని అక్కడితో అయిపోయింది. తర్వాత తెరుచుకోవడం రిమోట్ లెక్కలోకి రాదు. నమ్మకం కుదరకపోతే రిమోట్ జేబులో పెట్టి, డ్రైవర్ తలుపు లోపల ఉండే లాక్ స్విచ్‌తో లాక్ చేసి చూడండి. దానితో కూడా పడి లేస్తే రిమోట్ జోలికి వెళ్ళకండి.

నాలుగు మోటార్లు మార్చమన్నారంటే నాకు బాధేసింది. లాక్ మోటార్ అంటే తలుపు లోపల లాచ్‌కు, అంటే మూసిన తలుపును పట్టి ఉంచే కొక్కెం ఉన్న భాగానికి, అతికి ఉండే చిన్న 12 వోల్టుల మోటార్. కరెంటు ఇటునుంచి ఇస్తే పడుతుంది, అటునుంచి ఇస్తే లేస్తుంది. అది అరిగితే ఆ ఒక్క తలుపే ఆలస్యంగా కదులుతుంది, గుర్రుమంటుంది, సగంలో ఆగుతుంది. నాలుగూ కలిసికట్టుగా పడి, కలిసికట్టుగా లేస్తున్నాయంటే నాలుగు మోటార్లూ బాగున్నాయని అవే చెప్తున్నాయి.

మరి ఎందుకు లేస్తున్నాయి? లాచ్ లోపల మోటార్‌తో పాటు చిన్న చిన్న స్విచ్‌లు ఉంటాయి. తలుపు మూసుకుందా లేదా అని ఒకటి, లాక్ పడిందా లేదా అని ఇంకొకటి మాడ్యూల్‌కు చెప్తుంటాయి. డ్రైవర్ తలుపు సరిగ్గా పడలేదని కబురు వస్తే చాలా బండ్లలో మాడ్యూల్ అన్నీ తెరిచేస్తుంది. తాళంచెవి లోపలే ఉండిపోయి మీరు బయట చిక్కుకోకూడదని అలా పెట్టారు. మీ మాడ్యూల్ చెడిపోలేదు. దానికి తప్పుడు కబురు అందుతోంది, అందిన కబురును బట్టి అది చేయాల్సిందే చేస్తోంది.

ఇప్పుడు మీరు సంబంధం ఉందో లేదో తెలియదన్న ఆ అద్దం. నా దృష్టి మొత్తం దాని మీదే. డ్రైవర్ తలుపు తెరిచి, కీలు వైపు తలుపుకీ బండి స్తంభానికీ మధ్య చూడండి. ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. అద్దం మోటార్, సైడ్ మిర్రర్, లాక్, స్పీకర్, అన్నింటి తీగలూ అందులోంచే పోతాయి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అవి అక్కడే వంగుతాయి. డ్రైవర్ తలుపు రోజుకు పదిసార్లు అనుకున్నా ఏడేళ్ళలో పాతికవేలు దాటుతుంది. లోపలి రాగి తెగిపోయాక తలుపు ఉన్న భంగిమను బట్టి ఒకసారి తాకుతుంది, ఒకసారి తాకదు. మీరు దిగినప్పుడే, అంటే డ్రైవర్ తలుపు తెరిచి మూసినప్పుడే జబ్బు ఎక్కువని మీరే రాశారు కదా.

విప్పకుండానే పరీక్ష చేయొచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేసి, డ్రైవర్ తలుపు పూర్తిగా తెరవండి. అద్దం బటన్ నొక్కి పట్టుకుని తలుపును నెమ్మదిగా మూసే వైపుకు, మళ్ళీ తెరిచే వైపుకు ఆడించండి. అద్దం మధ్యలో ఆగి మళ్ళీ కదిలితే తీగ తెగినట్టే.

లాక్‌కు కూడా ఇలాంటిదే ఉంది. తలుపు తెరిచి ఉండగానే లాచ్ నోట్లోని కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసిన భంగిమలోకి నెట్టండి, టక్ టక్ మని రెండుసార్లు పడుతుంది. తలుపు మూసుకుందని బండి అనుకుంటుంది. ఇప్పుడు లాక్ నొక్కి, రబ్బరు గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ వంచండి. అయ్యాక అన్‌లాక్ చేసి, తలుపు హ్యాండిల్ లాగి కొక్కెం విడిపించిన తర్వాతే తలుపు మూయాలి. మరిచిపోయి మూస్తే కొక్కెం వెళ్ళి స్తంభం మీది గూటానికి కొట్టుకుంటుంది, లాచ్ దెబ్బతింటుంది.

అర నిమిషానికి తిరిగి లాక్ అవడం జబ్బు కాదు. అన్‌లాక్ చేసి ఏ తలుపూ తెరవకపోతే సుమారు 30 సెకన్లకు తిరిగి లాక్ అయ్యేలా చాలా బండ్లలో ఉంటుంది. జేబులో బటన్ పొరపాటున నొక్కుకున్నా బండి తెరిచి ఉండిపోకూడదని. దాన్ని కెలకకండి.

మొన్నటి గంట సంగతికి నాకు తోచింది: మొదటి టక్ విని నడిచి వెళ్ళిపోయారు. రెండోది చప్పుళ్ళలో వినబడలేదు.

కొత్త డ్రైవర్:

నాకు ఒకరు చెప్పారు, రిమోట్ కోడ్ తప్పిపోతే ఇలాగే అవుతుంది, మళ్ళీ ప్రోగ్రామింగ్ చేయించాలి అని. అదీ ఒకసారి చూడకూడదా? ఇంకోటి, మా బండి వెనక ఎడమ తలుపు లోపలి నుంచి అసలు తెరుచుకోదు, బయట నుంచి మామూలుగానే వస్తుంది. ఇది కూడా తీగేనా?

వైరింగ్ పని:

కోడ్ తప్పడం నిజమే, కానీ అప్పుడు కనిపించే తీరు వేరు. బటన్ నొక్కిన ప్రతిసారీ రిమోట్ కొత్త కోడ్ పంపుతుంది, బండి కూడా ఆ లెక్కను తన దగ్గర ఉంచుకుంటుంది. బండికి దూరంగా ఎక్కడో పిల్లల చేతిలో వందలసార్లు నొక్కుకుపోతే రిమోట్ లెక్క మరీ ముందుకు వెళ్ళిపోయి బండి దాన్ని ఒప్పుకోదు. అప్పుడు ఉలుకూ పలుకూ ఉండదు, ఒక్క తలుపు కూడా కదలదు. ఇంజిన్ మాత్రం స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే స్టార్ట్ చేయనిచ్చే చిప్ వేరు, దానికి సెల్ అక్కర్లేదు. చెవి పెట్టే చోట చుట్టూ ఉండే కాయిల్ నుంచే అది కరెంటు తీసుకుంటుంది. తిరిగి కలిపే పద్ధతి బండి బండికీ మారుతుంది, బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఈయన బండికి అది అవసరం లేదు.

మీ వెనక తలుపు తెరిచి, లాచ్ ఉన్న అంచున చూడండి. చిన్న మీట గానీ, చెవితో తిప్పే గాడి గానీ ఉంటుంది. పిల్లల లాక్. ఎవరో తిప్పి ఉంటారు. వెనక్కి తిప్పితే సరిపోతుంది.

బూడిదరంగు బండి:

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం చీకటి పడేదాకా అన్నీ చేశాను.

లోపలి స్విచ్‌తో లాక్ చేస్తే ఎనిమిదిసార్లలో మూడుసార్లు పడి లేచింది. అంటే ఆ విషయంలో రిమోట్ తప్పు లేదు. తలుపు ఆడిస్తూ అద్దం బటన్ నొక్కాను. తలుపు సగానికి పైగా తెరిచి ఉన్న ఒక చోట అద్దం ఠక్కున ఆగింది. అంగుళం వెనక్కి తెస్తే కదిలింది. మళ్ళీ అక్కడికే తీసుకెళ్తే మళ్ళీ ఆగింది. నాలుగుసార్లు చేసినా అదే చోట. మూడు వారాల తర్వాత మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను.

దూరం సంగతే తెగలేదు. రాత్రి డ్యూటీ గారు చెప్పినట్టు సెల్ తుడిచాను, రేకు సర్దాను. మార్పు లేదు. బీరువాలో రెండో తాళంచెవి ఉంది, ఏడేళ్ళలో పట్టుమని పదిసార్లు వాడి ఉండను. దానికీ కొత్త సెల్ వేసి చూశాను. అదీ అద్దం పక్కన నిలబడితేనే పనిచేస్తోంది.

వైరింగ్ పని:

రెండో చెవి తీసి చూడటం చాలా మంచి పని. రెండు రిమోట్లూ ఒకేసారి ఒకేలా పాడవ్వవు. అంటే వినాల్సింది బండి, దానికే సరిగ్గా వినిపించడం లేదు. రిమోట్ పంపే సంకేతం చాలా బలహీనమైంది, చాలా దేశాల్లో 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బండి లోపల ఏదైనా ఆ దగ్గర్లో రొద పెడితే రిమోట్ గొంతు అందులో కలిసిపోతుంది. ఈ నెలా రెండు నెలల్లో బండిలో కొత్తగా ఏం పెట్టారు? కెమెరా, ఫోన్ ఛార్జర్, ఎల్‌ఈడీ బల్బులు, ఏదైనా సరే. అన్నీ పీకేసి, పది అడుగుల నుంచి నొక్కి చూడండి.

బండి బ్యాటరీ కూడా ఒకసారి కొలవండి. రాత్రంతా ఊరికే ఉన్న బండిలో తెల్లారి 12.6 వోల్టులు దగ్గర్లో ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కి పడితే సగానికి వచ్చినట్టు. మీ బండిలో లాకులు చురుగ్గానే కొడుతున్నాయి కాబట్టి అనుమానం తక్కువే.

రబ్బరు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి కాసేపు ఆగండి. పసుపు రంగు తొడుగు ఉన్న తీగలు కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. తీగలన్నీ చూడటానికి బాగానే ఉంటాయి, మోసపోకండి. పై తొడుగు సాగుతుంది గనుక నిలుస్తుంది, లోపలి రాగే ముందు తెగుతుంది. ఒక్కో తీగనూ రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగి చూడండి. ఏది రబ్బరులా సాగితే అదే తెగింది.

బూడిదరంగు బండి:

మూడు రోజులయింది, పూర్తి సంగతి రాస్తున్నాను. ఇదే జబ్బుతో ఎవరైనా వెతుక్కుంటూ వస్తే సగంలో ఆగిపోకూడదని.

బ్యాటరీ 12.5 ఉంది. కొత్తగా పెట్టింది ఒక్కటే, నెల క్రితం ముందు అద్దానికి కెమెరా. బండి ఆపినా రికార్డు అయ్యేలా దానికి ఎప్పుడూ కరెంటు ఉండేటట్టు ఫ్యూజుల పెట్టె నుంచి తీగ తీశారు. మధ్యలో వోల్టేజీ తగ్గించే చిన్న డబ్బా ఉంది. దాని పిన్ను పీకి, పదిహేను అడుగులు వెనక్కి నడిచి బటన్ నొక్కాను. ఇండికేటర్లు వెలిగాయి. మళ్ళీ పిన్ను పెట్టి అదే చోట నిలబడి నొక్కితే ఉలకలేదు. కొత్త సెల్ కోసం, దాన్ని తుడవడం కోసం నేను పడ్డ శ్రమంతా ఆ డబ్బా పక్కన పెట్టుకునే. ప్రస్తుతానికి కెమెరా ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసేలా మార్చాను, ఆ డబ్బా బదులు వేరే కంపెనీది వేసి చూడాలి.

ఇక తలుపు. రబ్బరు గొట్టం స్తంభం వైపు చివర వేలితో నొక్కి బయటికి లాగితే వచ్చేసింది. దాన్ని తలుపు వైపుకు వెనక్కి మడిచాను. లోపల పద్దెనిమిది తీగలు, నల్లటి బట్ట టేపుతో కట్ట కట్టి ఉన్నాయి. టేపు కత్తిరించి ఒక్కొక్కటీ లాగాను. మొదటి పదకొండూ గట్టిగా ఉన్నాయి. పన్నెండోది, కాస్త లావుపాటి నలుపు తీగ, లాగగానే జీడిపాకంలా సాగింది. పై తొడుగు మీద ఒక్క గీత కూడా లేదు. బ్లేడుతో పొడవునా చీలిస్తే లోపల రాగి రెండు ముక్కలు, కొసలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. రెండు కొసల మధ్య గోరు పట్టేంత ఎడం. తలుపు మూస్తే ఆ రెండు కొసలూ ఒకదానికొకటి ఆనేవి, కొన్నిసార్లు ఆనేవి కావు.

నలుపు తీగ అంటే ఎర్తింగ్ అని ఆ తలుపు వైరింగ్ బొమ్మలో చూశాను. అద్దం స్విచ్‌కూ, లాచ్ లోపలి చిన్న స్విచ్‌లకూ వాపసు దారి అదొక్కటే. అందుకే అద్దం, లాక్ రెండూ కలిసి పేచీ పెట్టాయి. మాడ్యూల్ మార్చి ఉంటే కొత్త మాడ్యూల్‌కు కూడా ఇదే తెగిన తీగ తగిలించి ఉండేవాళ్ళం.

సోల్డర్ నాకు అలవాటు లేదు, తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి చేశారు. వంగే భాగం మొత్తం కత్తిరించి, సన్నటి పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి తీగ జానెడు వేశారు. అతుకులు ఒకటి తలుపు లోపలికి, ఇంకొకటి స్తంభం లోపలికి పోయేలా పెట్టారు. అతుకు గట్టిపడుతుంది కాబట్టి వంగే చోట ఉంటే దాని పక్కనే మళ్ళీ తెగుతుందట. పైన స్లీవ్ వేడి చేసి బిగించారు. ఆ పక్కనే ఉన్న గోధుమరంగు తీగ కూడా కొంచెం మెత్తబడినట్టు అనిపిస్తే దాన్నీ మార్చేశారు.

తర్వాత నేను ఒక్కణ్ణే కూర్చుని డ్రైవర్ తలుపు బార్లా తెరవడం, మూయడం, లాక్ చేయడం, అన్‌లాక్ చేయడం నలభైసార్లు చేశాను. కాగితం మీద గీతలు గీసుకుంటూ. ఒక్కసారి కూడా తిరిగి లేవలేదు. అద్దం మొదటి నొక్కుకే దిగుతోంది.

ఒక్క సందేహం మిగిలింది. రబ్బరు గొట్టం తిరిగి ఎక్కించాక స్తంభం వైపు కింది అంచు ఒక చోట కాస్త ఉబ్బి ఉన్నట్టుంది. అలా వదిలేయొచ్చా?

వైరింగ్ పని:

వదలకండి. ఆ అంచుకు గాడి ఉంటుంది, రేకు చుట్టూ ఆ గాడి కూర్చోవాలి. సబ్బునీళ్ళు కాస్త రాసి, మొద్దు మొన ఉన్న దేనితోనైనా అంచును లోపలికి తోస్తూ చుట్టూ రండి. ఉబ్బి ఉంటే వాన నీళ్ళు తీగ వెంటే లోపలికి జారి మీ కాళ్ళ కింది మ్యాట్ అడుగున చేరతాయి, చాలా బండ్లలో కనెక్టర్లు ఉండేది ఆ పక్కనే. తోశాక తలుపు పూర్తిగా తెరిచి గొట్టం లాగినట్టు లేకుండా చూసుకోండి. లాగుతుంటే లోపల తీగ పొట్టిగా పడిందని అర్థం, మళ్ళీ విప్పి ఇంకో అంగుళం వదులు ఇప్పించండి.